62 ఏళ్ళ నాన్నతో ఘోరేపానీ – పూన్‌హిల్ ట్రెక్: జీపు ఎక్కడిదాకా, నడక ఎక్కడి నుంచి?

కృష్ణలంక_వాసి · విజయవాడ

అందరికీ నమస్కారం. నాన్నగారికి 62 నిండాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ హిమాలయాలు చూడాలని అంటూనే ఉండేవారు, ఇప్పుడు రిటైర్ అయ్యారు. టెంట్లలో పడుకోవడం ఆయన వల్ల కాదు. రాత్రికి ఒక గది, మంచం, వేడి భోజనం దొరికే దారి కావాలి. నేపాల్‌లో పొఖరా దగ్గరున్న ఘోరేపానీ – పూన్‌హిల్ – ఘాంద్రుక్ దారి మాకు సరిపోతుందనిపించింది. నలుగురం వెళ్తున్నాం: నాన్న, నేను, నా భార్య, ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడు (16 ఏళ్ళు).

ఒక ఏజెంట్ మూడు రోజుల ప్లాన్ ఇచ్చాడు. మొదటి రోజు పొఖరా నుంచి ఉల్లేరి దాకా జీపు, అక్కడి నుంచి నడిచి సాయంత్రానికి ఘోరేపానీ. రెండో రోజు తెల్లవారుజామున పూన్‌హిల్ (సూర్యోదయం చూసే కొండ) ఎక్కి దిగి, అటునుంచి తాడాపానీ. మూడో రోజు ఘాంద్రుక్, అక్కడి నుంచి జీపులో పొఖరా. నాన్నకు రోజూ ఐదు కిలోమీటర్ల నడక అలవాటే. బీపీకి మాత్ర వేసుకుంటారు, కంట్రోల్‌లోనే ఉంది. మోకాళ్ళు అప్పుడప్పుడు పట్టేస్తాయి. ప్రయాణంతో కలిపి సెలవు పదకొండు రోజుల దాకా దొరుకుతుంది.

ఈ ప్లాన్ ఆయనకు సరిపోతుందా? దసరా సెలవుల్లో వెళ్ళాలా, సంక్రాంతికా? పెద్దవాళ్ళను తీసుకెళ్ళినవాళ్ళు చెప్తే ధైర్యంగా ఉంటుంది.

మెట్లదారి · తిరుపతి

ముందు ఉల్లేరి మెట్ల గురించి చెప్తాను, ఎందుకంటే అందరూ భయపెట్టేది వాటితోనే. టికేధుంగా (1,540 మీటర్లు) దాటగానే మొదలై ఉల్లేరి దాకా రాతి మెట్లే, మూడు వేలకు పైనే ఉంటాయి. మన అలిపిరి దారిలో 3,550 మెట్లు. సంఖ్య చూస్తే అలిపిరే ఎక్కువ, కానీ అలిపిరి మెట్లు సమంగా ఉంటాయి, పైన కప్పు ఉంటుంది, అడుగడుక్కీ కూర్చునే చోటు ఉంటుంది. ఉల్లేరిలో ఒక మెట్టు జానెడు ఉంటే పక్కది మోకాలి ఎత్తు. వాన పడితే పలకరాళ్ళు జారుతాయి.

నాన్నగారిని వెళ్ళే ముందు మూడు నెలల్లో వీలైనన్నిసార్లు అలిపిరి ఎక్కించండి. అంతకంటే ముఖ్యం, దిగేటప్పుడు కూడా నడిపించండి. మనవాళ్ళందరూ నడిచి ఎక్కి బస్సులో దిగుతారు. ట్రెక్‌లో మోకాళ్ళు పట్టేసేది దిగేటప్పుడే. మీకు తిరుపతి దూరమైతే అపార్ట్‌మెంట్ మెట్లైనా సరే, లిఫ్టులో ఎక్కి నడిచి దిగడం అలవాటు చేయండి.

కొండదారి · హైదరాబాద్

మా అమ్మానాన్నలను ఆ దారిలో తీసుకెళ్ళాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఆ ప్లాన్‌లో మొదటి రోజే నాకు నచ్చలేదు. పొఖరా ఎత్తు 820 మీటర్ల చిల్లర. ఘోరేపానీ 2,860. అంటే పొద్దున పొఖరాలో టిఫిన్ చేసిన మనిషి అదే రాత్రి రెండు వేల మీటర్లు పైన పడుకోవాలి. మధ్యలో ఒక్క రాత్రి కూడా లేదు. పైగా మర్నాడు నాలుగింటికి లేపి చీకట్లో పూన్‌హిల్ (3,210) ఎక్కిస్తారు, అది దిగగానే తాడాపానీ నడక. మొత్తం దారిలో అన్నిటికంటే కష్టమైన రోజు అదే. ఘోరేపానీ నుంచి మళ్ళీ మూడు వేల మీటర్లు దాటి దేవరాలీ ఎక్కాలి, వాగు పక్కన లోయలోకి దిగాలి, దిగినది చాలక తాడాపానీ ముందు మళ్ళీ ఎక్కాలి. నాలుగింటి నుంచి మెలకువగా ఉన్న పెద్దాయనకు అది చాలా ఎక్కువ.

జీపు వద్దనడం లేదు. నయాపుల్ నుంచి టికేధుంగా దాకా ఇప్పుడు మట్టిరోడ్డే, దుమ్ము తప్ప చూడటానికి ఏమీ లేదు. అక్కడిదాకా జీపులో వెళ్ళండి. ఆ రోజు మెట్లు మెల్లగా ఎక్కి ఉల్లేరిలోనే పడుకోండి. మోకాళ్ళు మొరాయిస్తే ఉల్లేరి దాకా కూడా జీపు ఉంది, కానీ ఆ రాత్రి మాత్రం అక్కడే ఉండాలి. రెండో రోజు బంథంతి, నంగేథంతి మీదుగా అడవిలో ఘోరేపానీ. తొందర లేకుండా నడిస్తే ఐదు గంటలు. మూడో రోజు పూన్‌హిల్ చూసి వచ్చి ఘోరేపానీలోనే విశ్రాంతి. ఆ ఉదయం మబ్బు పడితే మర్నాడు ఇంకో అవకాశం ఉంటుంది. నాలుగో రోజు తాడాపానీ, ఐదో రోజు ఘాంద్రుక్, ఆరో రోజు కిమ్చే దాకా దిగి జీపులో పొఖరా.

రోజులు చాలకపోతే చివర్లో తగ్గించండి. పూన్‌హిల్ చూసి వచ్చిన దారినే ఉల్లేరి దిగిపోతే రెండు రోజులు మిగులుతాయి. మొదట్లో మాత్రం ఒక్క రాత్రి కూడా కోయవద్దు.

కూకట్‌పల్లి_రైడర్ · హైదరాబాద్

అన్నా, మరీ భయపెడుతున్నారేమో. మేం ఫ్రెండ్స్‌మి సరిగ్గా ఆ మూడు రోజుల ప్లాన్‌తోనే వెళ్ళాం. ఒకడికి రాత్రి కాస్త తలనొప్పి వచ్చింది, పొద్దుటికి తగ్గింది. 3,210 మీటర్లంటే అదేమీ ఎవరెస్ట్ బేస్ క్యాంప్ కాదు. పైగా అంకుల్ రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తున్నారు. ఆరు రోజులు పెడితే లాడ్జి, తిండి, గైడ్ ఖర్చు రెట్టింపు అవుతుంది.

వరంగల్_డాక్టర్ · వరంగల్

తమ్ముడూ, మీ ఫ్రెండ్‌కి తగ్గడం మంచిదే. కానీ అది ముందే తెలిసే విషయం కాదు. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బంది 2,500 మీటర్లు దాటితే ఎవరికైనా రావచ్చు. రోజూ నడిచే అలవాటు గుండెకూ కాళ్ళకూ మంచిదే కానీ దీన్ని ఆపదు. ఫిట్‌గా ఉన్న కుర్రాళ్ళే వేగంగా ఎక్కేసి ముందు పడిపోతుంటారు. శరీరానికి కావాల్సింది టైమ్. అందుకే కొండదారి గారు చెప్పిన ఉల్లేరి రాత్రి నా లెక్కలో మందుతో సమానం.

కృష్ణలంక_వాసి గారూ, నాన్నగారి విషయంలో ఇవి చూసుకోండి. వెళ్ళే ముందు ఒకసారి గుండె డాక్టర్‌కు చూపించి, మెట్లు ఎక్కే ట్రెక్ అని స్పష్టంగా చెప్పండి. ఈసీజీ, అవసరమనుకుంటే ట్రెడ్‌మిల్ పరీక్ష ఆయనే రాస్తారు. బీపీ మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు. ఎత్తుకు వెళ్తే బీపీ కొంచెం పెరగడం మామూలే. చిన్న బీపీ మెషీన్ వెంట ఉంచుకోండి. ఆయన మాత్రలో నీరు తీసే మందు కలిసి ఉందేమో కూడా డాక్టర్‌ను అడగండి, ఎందుకంటే ఎత్తు ఇబ్బంది రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర కూడా మూత్రం ఎక్కువ చేస్తుంది. రెండూ కలిస్తే నీరసం వస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్ళు డయామాక్స్ విషయం ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. ఎవరో చెప్పారని కొనుక్కుని వేసుకునే మందు కాదది.

పైన తలనొప్పితో పాటు వికారం, అన్నం సహించకపోవడం, తల తిరగడం ఉంటే ఆ రోజు ఇంకా పైకి వెళ్ళకూడదు. తగ్గకపోతే కిందికి దిగాలి. నడకలో తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా తెల్లారేదాకా ఆగకుండా రాత్రే దింపాలి. నిద్రమాత్రలు, మందు (ఆ మందు!) పైన ముట్టవద్దు.

కూకట్‌పల్లి_రైడర్ · హైదరాబాద్

సరే డాక్టర్ గారూ, ఒప్పుకుంటున్నా. పెద్దవాళ్ళతో అయితే ఉల్లేరిలో ఆగడమే కరెక్ట్. ఖర్చు గురించి మాత్రం నా మాట మీదే ఉన్నా, ముందే లెక్క వేసుకోండి.

కొండదారి · హైదరాబాద్

ఖర్చు విషయం తమ్ముడు గుర్తు చేయడం మంచిదైంది. అక్కడ గది అద్దె పెద్దగా ఉండదు, వాళ్ళ ఆదాయం భోజనంలోనే. అందుకే ఏ లాడ్జిలో దిగితే ఆ లాడ్జిలోనే రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ చేయాలనేది అక్కడి పద్ధతి. గది మాట్లాడుకుని పక్క లాడ్జిలో తినడం బాగుండదు. సరుకులు కంచరగాడిదల మీద ఎక్కాలి కాబట్టి పైకి వెళ్ళేకొద్దీ మెనూలో రేటు పెరుగుతుంది. వేడినీళ్ళ స్నానం, ఫోన్ చార్జింగ్, వైఫై చాలాచోట్ల విడిగా కట్టాలి. పవర్ బ్యాంక్ ఒకటి పట్టుకెళ్ళండి.

గదులు ఎలా ఉంటాయో నాన్నగారికి ముందే చెప్పండి. రెండు మంచాలు, మధ్యలో చిన్న కిటికీ, ప్లైవుడ్ గోడలు. పక్క గదిలో దగ్గితే వినిపిస్తుంది. గదిలో హీటర్ ఉండదు. అందరూ సాయంత్రం డైనింగ్ హాల్లోనే చేరతారు. అక్కడ మధ్యలో ఇనుప డ్రమ్ముతో చేసిన కట్టెల పొయ్యి, చుట్టూ తీగలు కట్టి ఉంటాయి, వాటి మీద అందరి సాక్సులూ ఆరుతుంటాయి. ఉల్లేరిలో, ఘోరేపానీలో, ఘాంద్రుక్‌లో గదికే బాత్‌రూమ్ ఉన్న లాడ్జిలు దొరుకుతాయి. రాత్రిపూట లేచే పెద్దవాళ్ళకు అది తప్పకుండా అడగండి. వెస్టర్న్ కమోడ్ కూడా.

మెట్ల మీద ఒక జాగ్రత్త. కంచరగాడిదల గంటలు వినిపించగానే కొండవైపు గోడకు ఆనుకుని నిలబడండి. లోయవైపు అంచున ఎప్పుడూ నిలబడకూడదు. వాటి మీద గ్యాస్ సిలిండర్లు, బియ్యం బస్తాలు అటూ ఇటూ పొడుచుకుని ఉంటాయి. తగిలితే మనిషి తూలిపోతాడు.

సాగరతీరం · విశాఖపట్నం

సీజన్ గురించి నేను చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మా ఊరిని ఎలా కొట్టిందో ఇక్కడ చాలామందికి గుర్తుంటుంది. అదే తుపాను బలహీనపడి ఉత్తరానికి వెళ్ళి, 14న అన్నపూర్ణ ప్రాంతంలో విపరీతమైన మంచు కురిపించింది. 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమ దగ్గరా చుట్టుపక్కలా నలభై మందికి పైగా చనిపోయారు. అక్టోబర్ అంటే అక్కడ మంచి సీజన్ కదా అని బయల్దేరినవాళ్ళే అందరూ. పూన్‌హిల్ అంత ఎత్తు కాదు, లాడ్జిలు దగ్గరదగ్గరగా ఉంటాయి, నిజమే. అయినా అక్టోబర్‌లో వెళ్ళే తెలుగువాళ్ళు బంగాళాఖాతం మీద ఒక కన్నేసి ఉంచాలి. ఇక్కడ అల్పపీడనం అని వార్త వస్తే మనకేమిటి అనుకోకుండా పొఖరాలో ఒకరోజు ఆగండి.

దసరాకు ఇంకో ఇబ్బంది ఉంది. అదే సమయంలో నేపాల్‌లో దశైన్, వాళ్ళకు అన్నిటికంటే పెద్ద పండగ. బస్సులు నిండిపోతాయి, గైడ్లూ పోర్టర్లూ ఇంటికి వెళ్ళాలనుకుంటారు. పండగపూట వాళ్ళను ఇంటికి దూరం చేసి మన బ్యాగులు మోయించడం కూడా నాకు మనసొప్పదు. సంక్రాంతికి ఆకాశం అద్దంలా ఉంటుంది కానీ ఘోరేపానీ – దేవరాలీ మధ్య మంచు గడ్డకట్టి జారుతుంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు అది వద్దు. వేసవి సెలవులకు వెళ్తే ఏప్రిల్ ఆఖరుకి పొగమంచు, అడవి మంటల పొగ కలిసి కొండలే కనిపించకపోవచ్చు. దీపావళి దాటాక నవంబర్ మూడో వారం లోపు వెళ్ళండి. మేనల్లుడికి కాలేజీలో సెలవు అడగండి.

పూలతోట · కడియం

మార్చి నెలాఖరును కొట్టిపారేయకండి. ఉల్లేరి నుంచి తాడాపానీ దాకా అడవంతా లాలీగురాఁస్ చెట్లే, రోడోడెండ్రాన్ అంటారే అవి. నేపాల్ జాతీయ పుష్పం. మనం కుండీల్లో పెంచే పొద కాదు, ముప్పై నలభై అడుగుల చెట్లు ఎర్రగా విరగబూసి ఉంటాయి. నర్సరీలో పుట్టి పెరిగిన నేనే చెట్టు కింద నిలబడి ఎంతసేపు చూశానో. మధ్యాహ్నానికి మబ్బులు కమ్మి వాన పడుతుంది కాబట్టి పొద్దున్నే నడిచి ఒంటిగంటకల్లా లాడ్జి చేరాలి. కొండలు ముఖ్యమైతే నవంబర్, పూలు ముఖ్యమైతే మార్చి.

తీస్తా_తెలుగు · సిలిగురి

సందక్‌ఫూ ఎవరూ ఎత్తలేదేం? పశ్చిమ బెంగాల్‌లోనే, నేపాల్ సరిహద్దు మీద. మానేభంజాంగ్ నుంచి టుమ్లింగ్, కాలిపోఖ్రి, అక్కడి నుంచి సందక్‌ఫూ, అంతా లాడ్జిలే. 8,586 మీటర్ల కాంచన్‌జంగా ఎదురుగా, దూరంగా ఎవరెస్ట్, లోత్సే, మకాలు. కాళ్ళు మొరాయిస్తే పైదాకా జీపు కూడా దొరుకుతుంది. సింగలీలా నేషనల్ పార్క్ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మూసి ఉంటుంది, మిగతా కాలమంతా వెళ్ళవచ్చు.

వరంగల్_డాక్టర్ · వరంగల్

అద్భుతమైన చోటు. అయితే సందక్‌ఫూలో పడుకునేదే 3,636 మీటర్ల దగ్గర. పూన్‌హిల్‌లో 3,210కి ఎక్కి గంటలో దిగి వచ్చేస్తారు, పడుకునేది 2,860లోనే. బీపీ ఉండి, మొదటిసారి వెళ్తున్న పెద్దాయనకు ఈ తేడా చిన్నది కాదు. నా ఓటు పూన్‌హిల్‌కే.

డాలస్_బాబాయి · టెక్సాస్

మంచి చర్చ. మేమూ ఈ ఏడాది ఆఖరుకి మా అన్నయ్య కుటుంబంతో ఇదే దారికి అనుకుంటున్నాం. మాది అమెరికా పాస్‌పోర్ట్, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు ఇచ్చే కార్డు) ఉంది. అన్నయ్యావాళ్ళది ఇండియన్ పాస్‌పోర్ట్. అందరికీ ఒకటే పర్మిటా?

కొండదారి · హైదరాబాద్

కాదండీ. నేపాల్ లెక్కలో ఓసీఐ ఉన్నా మీరు అమెరికావాళ్ళే. వీసా తీసుకోవాలి, విమానాశ్రయంలోనే ఇస్తారు, 15 రోజులకు 30 డాలర్లు. అన్నపూర్ణ కన్జర్వేషన్ ఏరియా పర్మిట్ మీకు 3,000 నేపాలీ రూపాయలు, మీ అన్నయ్యగారికి సార్క్ దేశాల రేటు 1,000. మన డబ్బులో 625, ఎందుకంటే మన రూపాయికి వాళ్ళది 1.60 అని స్థిరంగా ఉంటుంది. పొఖరాలో నేపాల్ టూరిజం బోర్డు ఆఫీసులో ఇస్తారు, ఫొటోలు, గుర్తింపు కార్డు కాపీలు పట్టుకెళ్ళండి. టిమ్స్ కార్డు (ట్రెక్కర్ల నమోదు కార్డు) పని కూడా అక్కడే చూసుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి విదేశీ ట్రెక్కర్లకు గైడ్ తప్పనిసరి అని బోర్డు రూల్ పెట్టింది. రూల్ సంగతి అటుంచి, పెద్దవాళ్ళతో వెళ్తే గైడ్ ఉండి తీరాలి. ముందుగా ఫోన్ చేసి కింది అంతస్తు గది పట్టిపెట్టేది ఆయనే.

కృష్ణలంక_వాసి గారూ, మీకు ఒక మాట. విమానంలో నేపాల్ వెళ్ళాలంటే పాస్‌పోర్ట్ గానీ ఒరిజినల్ ఓటర్ కార్డు గానీ కావాలి. ఆధార్ 15 ఏళ్ళ లోపువాళ్ళకూ 65 దాటినవాళ్ళకే చెల్లుతుంది, నాన్నగారికి 62 కాబట్టి ఆధార్ ఒక్కటే పెట్టుకుని బయల్దేరకండి. మీ మేనల్లుడికి పాస్‌పోర్ట్ లేకపోతే, 15 నుంచి 18 ఏళ్ళవాళ్ళకు ప్రిన్సిపాల్ ఇచ్చే గుర్తింపు పత్రం చెల్లుతుంది. దానికి నిర్ణీత నమూనా ఉంది, మామూలు బోనఫైడ్ సర్టిఫికెట్ సరిపోదు. నెల ముందే పాస్‌పోర్ట్ తీసేసుకుంటే ఈ టెన్షనే ఉండదు.

డబ్బు విషయంలో ఎక్కువ భాగం పొఖరాలోనే నేపాలీ రూపాయల్లోకి మార్చుకోండి. మన పెద్ద నోట్లు పట్టుకెళ్తే అక్కడ చెల్లుతాయో లేదో ముందే కనుక్కోండి.

వంటిల్లు_వనజ · రాజమండ్రి

తిండి గురించి మగవాళ్ళెవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. దాల్‌భాత్ మనకు చక్కగా సరిపోతుంది. అన్నం, పప్పు, ఒక కూర, ఆకుకూర వేపుడు, అప్పడం. అన్నం, పప్పు, కూర ఎన్నిసార్లయినా వడ్డిస్తారు. అప్పటికప్పుడు వండుతారు కాబట్టి ముప్పావుగంట పడుతుంది. లాడ్జి చేరగానే రాత్రి భోజనం ఎన్నింటికి కావాలో చెప్పేయాలి. మాంసం మాత్రం పైన తినవద్దు, కింది నుంచి ఫ్రిజ్ లేకుండా మోసుకొస్తారు.

కారం లేక నోరు చప్పబడుతుంది. కందిపొడి, కరివేపాకు పొడి, చిన్న డబ్బాలో ఆవకాయ పట్టుకెళ్ళండి. డబ్బాకు కవరు చుట్టి రబ్బరు బ్యాండ్ వేయండి, ఎత్తుకు వెళ్తే మూత దగ్గర నూనె కారుతుంది. బీపీ ఉన్న నాన్నగారికి ఊరగాయ కాకుండా పొడే పెట్టండి. నీళ్ళకు ప్లాస్టిక్ బాటిళ్ళు కొనకుండా కాచిన నీళ్ళు పట్టించుకోండి. ఆ ఖాళీ సీసాలను మళ్ళీ మోసి కిందికి దింపేవాళ్ళు ఉండరు, అన్నీ కొండవాలు మీదే పడి ఉంటాయి. చూస్తే బాధేస్తుంది.

కృష్ణలంక_వాసి · విజయవాడ

ఇంత ఓపిగ్గా రాసిన అందరికీ ధన్యవాదాలు. ఈ చర్చ మొత్తం నాన్నగారికి చదివి వినిపించాను. ఉల్లేరిలో ఆగుదాం అని ఆయనే అన్నారు. నవంబర్ రెండో వారం ఖాయం చేశాం. మేనల్లుడి కాలేజీలో సెలవు ఇస్తామన్నారు. రప్తీసాగర్ రైల్లో గోరఖ్‌పూర్ వెళ్ళి సునౌలీ సరిహద్దు దాటి పొఖరా పోదామనుకున్నాం, కానీ రైలు దిగాక మళ్ళీ రోజంతా ఘాట్ రోడ్డు బస్సు ఆయనకు కష్టమని ఢిల్లీ, కాఠ్మాండూ మీదుగా విమానంలోనే వెళ్తున్నాం. ఏజెంట్‌కు కొత్త ప్లాన్ పంపాను, ఐదు రాత్రులకు ఒప్పుకున్నాడు. ఈ ఆదివారం నుంచి మెట్లు దిగడం మొదలు.

ఆఖరిగా ఒకటి. నలుగురికి పోర్టర్లు ఎందరు కావాలి? ఒక్కరు చాలని ఏజెంట్ అంటున్నాడు.

కొండదారి · హైదరాబాద్

ఇద్దరిని పెట్టుకోండి. ఇద్దరు ట్రెక్కర్లకు ఒక పోర్టర్ అనేది పద్ధతి. ఒక మనిషి మీద ఇరవై కిలోలకు మించకుండా చూడండి, అంటే ఒక్కొక్కరి సామాను పది కిలోలలోపే ఉండాలి. బయల్దేరే ముందు పొఖరాలో మీ కళ్ళ ముందే తూకం వేయించండి. వాళ్ళకు బీమా ఉందా, చలికోటు, మంచి బూట్లు ఉన్నాయా అని ఏజెంట్‌ను అడగండి, లేకపోతే పొఖరా లేక్‌సైడ్‌లో అద్దెకు దొరుకుతాయి, ఆ డబ్బు మీరే పెట్టండి. మీ బీమా పాలసీలో కూడా ఎంత ఎత్తు దాకా వర్తిస్తుందో, హెలికాప్టర్ ఖర్చు ఇస్తారో లేదో చదువుకోండి.

పోర్టర్లు మనకంటే గంట ముందే లాడ్జికి చేరిపోతారు. కాబట్టి నాన్నగారి మాత్రలు, బీపీ మెషీన్, రెయిన్‌కోటు, ఒక వెచ్చని స్వెట్టర్, అందరి పర్మిట్లు పోర్టర్ బ్యాగులో కాకుండా మీ వీపు మీది బ్యాగులోనే ఉంచండి.